పట్టుకున్నవాడే మేస్త్రీ

పోయిన వేసవిలో ఒక శనివారం బాలానగర్‌లో మా బాబాయి షెడ్డుకి వెళ్ళాను. మిల్లింగ్ మెషిన్ బల్ల మీద నేను అంతకుముందు చూడని ఉక్కు పలక ఒకటి బిగించి ఉంది. దానికి నాలుగు గుండ్రటి గుంటలు. ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు చిన్న వైసుని ఎత్తుకొచ్చి ఆ గుంటల మీద పెట్టాడు. వైసు అడుగున ఉన్న నాలుగు మొలలు గుంటల్లోకి దిగాయి. గాలి వదిలిన చప్పుడు, దాని వెంటే టక్కుమని ఇంకో చప్పుడు.

"అయిపోయింది," అన్నాడు బాబాయి.

"ఏం అయిపోయింది?"

"సెట్టింగ్."

నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలినవాళ్ళలో ఒకణ్ణి. కాలేజీ రోజుల్లో సెలవులకి ఈ షెడ్డులోనే తిరిగేవాణ్ణి. అప్పట్లో సెట్టింగ్ అంటే సగం పూట పని. అందరూ మేస్త్రీ అని పిలిచే పెద్దాయన ఇక్కడ ముప్పయ్యేళ్ళుగా సెట్టరు. ఆయనా ఇంకొకరూ కలిసి నలభై కిలోల వైసుని బల్ల మీదకి ఎత్తేవాళ్ళు. ఆయన అరచేత్తో వైసు అడుగు తడిమి, పొట్టు ఏమీ లేదని తేల్చుకుని, బోల్టులు వదులుగా బిగించేవాడు. డయల్ ముల్లుని వైసు దవడకి ఆనించి, బల్లని అటూ ఇటూ నడుపుతూ, రబ్బరు సుత్తితో చిన్నగా తట్టేవాడు. ముల్లు కదలడం మానేశాక బోల్టులు గట్టిగా బిగిస్తే, ముల్లు మళ్ళీ కదిలేది. మళ్ళీ తట్టడం. ఆ తర్వాత జాబ్ వంతు. యంత్రం మీద కోతకి పెట్టే ముక్కని షాపులో జాబ్ అంటారు. దాని కింద రెండు పారలల్ పట్టీలు పెట్టి, వైసు బిగించి, నైలాన్ సుత్తితో జాబ్‌ని కిందకి కొట్టి, పట్టీలని వేలితో కదిపి చూసేవాడు. పట్టీ కదిలితే జాబ్ సరిగ్గా కూర్చోలేదని అర్థం. అప్పుడు విప్పి మళ్ళీ మొదలు.

బాబాయి నన్ను పిలిచింది ఆ పలక చూపించడానికే కాదు. "నువ్వు లెక్కలు బాగా వేస్తావు గదా, మిగతా మూడు మెషీన్లకి కూడా ఇది పెట్టించాలా వద్దా, లెక్క కట్టి చెప్పు," అన్నాడు. ఇంటికెళ్ళి స్ప్రెడ్‌షీట్ తెరిచాను. సెట్టింగ్‌కి పట్టే టైము, రోజుకి ఎన్ని సెట్టింగులు, మెషిన్ గంటకి ఎంత, అన్నీ గడుల్లో నింపాను. ఎటు తిప్పినా లెక్క ఒక్క గడి మీదే నిలబడింది. 'ఆదా అయ్యే సెట్టర్ గంటలు' అని దానికి నేనే పేరు పెట్టాను. పెట్టాక అర్థమైంది, ఆ గడిలో ఉన్నది మేస్త్రీ.

ఆ గడిని కాసేపు పక్కన పెట్టి, ఈ 'పట్టుకోవడం' అసలు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వచ్చిందో చదువుదామనుకున్నాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చిందే.

*

ఇంగ్లీషులో వర్క్‌హోల్డింగ్ అంటారు. షాపులో దానికి చక్కటి మాట ఉంది: జాబ్ పట్టడం. "ఎలా పట్టావు?" "వైసులో పట్టా." "ఇది చక్కులో పట్టలేం, జారుతుంది." తెలుగులో పట్టు అంటే పిడికిలి బిగింపు, ఒక విద్య మీద అధికారం కూడా. కొలిమి దగ్గర ఈ రెండర్థాలూ ఒకే మనిషిలో కనిపిస్తాయి. ఎర్రగా కాలిన ఇనుముని ఎడం చేత్తో పట్టకారుతో పట్టుకున్నవాడు కమ్మరి. అతని కుడి చేతిలో చిన్న సుత్తి. ఎక్కడ కొట్టాలో దాంతో తట్టి చూపిస్తాడు. పెద్ద సమ్మెటతో అక్కడ కొట్టేవాడు సహాయకుడు. బలమంతా కొట్టేవాడిది, పని మాత్రం పట్టుకున్నవాడిది. ఇనుముని ఏ క్షణంలో ఎంత తిప్పాలో తెలిసినవాడే అక్కడ మేస్త్రీ.

పట్టుకోవడంలో నిజానికి రెండు పనులున్నాయి. ఒకటి, ముక్క ఎక్కడ ఉందో ఖాయం చెయ్యడం. రెండు, కోత బలానికి అది కదలకుండా బిగించడం. బయటివాళ్ళకి రెండోదే కనిపిస్తుంది. కష్టమంతా మొదటిదాంట్లో ఉంది.

ఏ గట్టి వస్తువైనా మూడు దిక్కుల్లో జరగగలదు, మూడు ఇరుసుల చుట్టూ తిరగగలదు. మొత్తం ఆరు కదలికలు. వాటిని ఆపడానికి ఆరు ఆనికలు చాలు: అడుగున మూడు, ఒక పక్క రెండు, ఇంకో పక్క ఒకటి. ఇంజనీరింగ్ పుస్తకాల్లో దీన్ని మూడు-రెండు-ఒకటి సూత్రం అంటారు. ఈ సూత్రంలో మొదటి అంకె మన పొయ్యిలో ఎప్పటినుంచో ఉంది. మూడు రాళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నా కుండ మూడింటి మీదా ఆనుతుంది. నాలుగో రాయి పెడితే ఊగుతుంది.

బిగింపు సంగతికొస్తే, గట్టిగా పట్టినంత మాత్రాన మంచి పట్టు కాదు. పల్చటి ఉంగరం లాంటి జాబ్‌ని మూడు దవడల చక్కులో బలంగా బిగించి లోపల గుండ్రంగా కోస్తే, చక్కులో ఉన్నంతసేపూ అది గుండ్రంగానే ఉంటుంది. విప్పగానే ముక్క తన సహజ ఆకారానికి తిరిగొస్తుంది, కోసిన రంధ్రం మూడు బుగ్గల ఆకారంలోకి మారుతుంది. ఎంత వదులుగా పట్టొచ్చో తెలియడం కూడా పట్టులో భాగమే.

*

యంత్రాల చరిత్ర రాసినవాళ్ళు ఎక్కువగా కోత గురించే రాశారు. నా చదువు కూడా అక్కడే మొదలైంది. 18వ శతాబ్దం చివరి దాకా లేత్ మీద లోహం కోసేవాడు ఉలిని చాలావరకు చేత్తోనే పట్టుకునేవాడు. 1800కి అటూ ఇటూగా లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే ఉలిని మనిషి చేతిలోంచి తీసి, మరలతో నడిచే స్లైడ్ రెస్ట్‌లో బిగించే లేత్‌ని ఒక పద్ధతికి తెచ్చాడు. స్లైడ్ రెస్ట్ ఆలోచన అతనికి ముందే ఉంది. దాన్ని నమ్మదగిన పనిముట్టు చేసింది అతను. మార్క్స్ 'పెట్టుబడి'లో యంత్రాల అధ్యాయంలో ఈ స్లైడ్ రెస్ట్‌ని ప్రత్యేకంగా ప్రస్తావించాడు. అది ఏదో ఒక పనిముట్టు స్థానంలో వచ్చింది కాదు, ఏకంగా మనిషి చేతి స్థానంలో వచ్చింది అన్నది ఆయన గమనిక. మార్క్స్ చూసింది ఉలిని పట్టుకున్న చేతిని. రెండో చెయ్యి ఇంకా ఉంది, జాబ్‌ని పట్టుకున్నది. అది యంత్రంలోకి చేరడం ఇంకా నిదానంగా జరిగింది.

దాంట్లో ఒక మెట్టు స్క్రోల్ చక్కు. 19వ శతాబ్దం మొదటి సగంలో అమెరికాలోని కనెటికట్‌లో సైమన్ ఫెయిర్‌మన్ ఇప్పుడు మనం చూసే రూపానికి దగ్గరగా దాన్ని తయారు చేశాడు. లోపల ఒక చదునైన సుడి గాడి ఉంటుంది. తాళం ఒకటి తిప్పితే మూడు దవడలూ ఒకేసారి లోపలికి వస్తాయి, గుండ్రటి జాబ్ తనంతట తనే మధ్యలో కూర్చుంటుంది. అంతకుముందు దవడ దవడనీ విడిగా తిప్పుతూ మధ్య ఎక్కడో వెతుక్కోవాలి. ఖచ్చితత్వం కావాలంటే ఇప్పటికీ నాలుగు దవడల చక్కు పెట్టి, డయల్ చూసుకుంటూ అలాగే వెతుకుతారు. వేగం కావాలా, సూక్ష్మం కావాలా అన్న బేరం అప్పుడే మొదలైంది.

*

నన్ను నిజంగా ఆపేసింది ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్స్‌మత్ నౌకాశ్రయం కథ. తెరచాపల కాలంలో ఒక పెద్ద యుద్ధనౌకకి దాదాపు వెయ్యి కప్పీలు కావాలి. తాళ్ళు లాగడానికి వాడే చెక్క కప్పీలు. నెపోలియన్‌తో యుద్ధం జరుగుతున్న రోజులు కాబట్టి నావికాదళానికి ఏటా లక్ష పైచిలుకు అవసరం. మార్క్ బ్రూనెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు వీటిని యంత్రాలతో చేసే పద్ధతి రూపొందించాడు. నౌకాదళంలో శామ్యూల్ బెంథమ్ దానికి అండగా నిలిచాడు. యంత్రాలు చేసిపెట్టింది మాడ్స్‌లే. 1802లో మొదలుపెట్టి నాలుగైదేళ్ళలో 45 యంత్రాలు నిలబెట్టారు. 1808 నాటికి ఏడాదికి 1,30,000 కప్పీలు తయారయ్యాయి. 110 మంది నిపుణులు చేసే పనిని నైపుణ్యం లేని పది మంది చేయగలిగారు.

ఈ లెక్క చాలా పుస్తకాల్లో ఉంది. దాని పక్కనే ఉండే ఒక చిన్న వివరం దగ్గర నేను ఆగిపోయాను. చెక్క దిమ్మకి రంధ్రాలు తొలిచే మొదటి యంత్రంలో, దిమ్మని బిగించే క్లాంపు దాని మీద చిన్న గుర్తులు, గుంటలు నొక్కేది. తర్వాతి యంత్రాలు దిమ్మని ఆ గుర్తుల దగ్గరే పట్టుకునేవి. అంటే ముక్క ఎక్కడుందో ప్రతి మెట్టు దగ్గరా కొత్తగా కొలవక్కర్లేదు. ఒక్కసారి పట్టిన పట్టు, పని అయిపోయేదాకా దిమ్మతో పాటే ప్రయాణం చేసింది. ఆ 110 మంది చేతుల్లో ఉన్న విద్యలో ఒక పెద్ద వాటా, అంటే అంచు చూసి మధ్య పట్టుకోవడం, కంటితో నిలువు సరిచూసుకోవడం, ఆ గుంటల్లోకి వెళ్ళిపోయింది.

అట్లాంటిక్ అవతల ఇదే ఆలోచన తుపాకుల దగ్గర పూర్తిగా వికసించింది. ఒక తుపాకి భాగం ఇంకో తుపాకికి సరిపోవాలన్న కల ఫ్రాన్సులో పుట్టింది. ఒనోరె బ్లాఁ 1785లో ఇలాంటి భాగాలని జెఫర్సన్‌కి చూపించాడు. అమెరికాలో ఈ ఘనత చాలాకాలం ఎలీ విట్నీకి దక్కింది. 1798లో పదివేల తుపాకుల కాంట్రాక్టు తీసుకుని, 1801లో పెద్దల ముందు భాగాలు మార్చి చూపించాడన్నది బళ్ళో చెప్పే కథ. 1960లో రాబర్ట్ వుడ్‌బరీ అనే చరిత్రకారుడు మిగిలి ఉన్న విట్నీ తుపాకుల ఆధారాలు చూసి, వాటి భాగాలు ఒకదానికొకటి సరిపోవని రాశాడు. మనం చిన్నప్పుడు చదువుకున్న ఆవిష్కర్తల జాబితాల మీద నాకు అనుమానం మొదలైంది ఇలాంటివి చదివాకే.

ఆ పని నిజంగా చేసి చూపినవాళ్ళలో ముందువరసలో ఉన్నవాడు జాన్ హాల్. పొటోమాక్, షెనాండోవా నదులు కలిసే చోట హార్పర్స్ ఫెర్రీ అనే ఊళ్ళో ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఉండేది. 1859లో జాన్ బ్రౌన్ దాడి చేసిన ఊరు అదే. 1819లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని హాల్ అక్కడ రైఫిళ్ళు చేయడం మొదలుపెట్టాడు. అతను కనిపెట్టిన అసలు సంగతి ఇది. ఒక ముక్కని మొదటి కోతలో ఒక అంచు ఆధారంగా, రెండో కోతలో ఇంకో అంచు ఆధారంగా పట్టుకుంటే, ఆధారం మారిన ప్రతిసారీ కొంత తేడా వస్తుంది. ఆ తేడాలు పోగుపడతాయి. అందుకని ప్రతి భాగానికీ ఒకే ఒక్క ఆధార స్థానం ఎంచుకుని, ఎన్ని ఫిక్చర్లు మారినా ముక్కని అక్కడినుంచే ఆనించాడు. జాబ్‌ని ఒకే రీతిలో కూర్చోబెట్టి బిగించడానికి ప్రత్యేకంగా చేసుకునే పరికరమే ఫిక్చర్. 1827లో వచ్చిన పరిశీలక బృందం రైఫిళ్ళు విప్పించి, భాగాలు కలిపేసి, మళ్ళీ అమర్పించి చూసింది. అమరాయి. అక్కడితో ఆగలేదు. కనెటికట్‌లో సిమియన్ నార్త్ చేసే హాల్ రైఫిళ్ళ భాగాలు, హార్పర్స్ ఫెర్రీలో చేసినవాటితో 1834 నాటికి మార్చుకోగలిగే స్థితికి వచ్చాయి. మధ్యలో వందల మైళ్ళ దూరం.

తన యంత్రాలతో ఒక కుర్రాడు, ఆకురాళ్ళు పట్టిన పది మంది కంటే ఎక్కువ పని, ఎక్కువ ఖచ్చితంగా చేస్తాడని హాల్ గర్వంగా చెప్పుకున్నాడు. ఆ పది మందికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుంది? హార్పర్స్ ఫెర్రీ మీద మెరిట్ రో స్మిత్ 1977లో రాసిన పుస్తకం ఈ ప్రశ్నని వదిలిపెట్టదు. తుపాకి మొత్తాన్నీ చేయగల పనివాళ్ళ ఊరు అది. తమకి వీలైన వేళ వచ్చి, ముక్కకి ఇంత అని కూలి తీసుకునేవాళ్ళు. క్రమశిక్షణ బిగించబోయిన సూపరింటెండెంట్ థామస్ డన్‌ని 1830 జనవరిలో, పని పోగొట్టుకున్న ఒక కార్మికుడు ఆఫీసులోనే కాల్చి చంపాడు. 1842లో గడియారం ప్రకారం రావాలి, పోవాలి అన్నప్పుడు పనివాళ్ళు పని ఆపి, కాలవ పడవ మాట్లాడుకుని వాషింగ్టన్ వెళ్ళి అధ్యక్షుడు టైలర్‌కే మొర పెట్టుకున్నారు. తమని యంత్రాల కింద మార్చేస్తున్నారన్నది వాళ్ళ ఫిర్యాదు. ఆయన మంచి మాటలు చెప్పి పనిలోకి పొమ్మన్నాడు. ఈ గొడవలన్నీ ఫిక్చర్ల వల్లే వచ్చాయంటే అన్యాయం. కానీ పట్టు చేతిలోంచి జారితే ఇంకా ఏమేం జారతాయో ఆ ఊరివాళ్ళకి తెలిసినంత ముందుగా ఎక్కువమందికి తెలిసి ఉండదు.

*

ఆ తర్వాతి కథ తెలిసిందే కనక త్వరగా చెప్తాను. కుట్టు మిషన్లు, సైకిళ్ళు, చివరికి ఫోర్డ్ కార్లు. హైలండ్ పార్క్ ఫ్యాక్టరీలో 15 ఇంజన్ బ్లాకులని ఒకే ఫిక్చర్‌లో పట్టి ఒకేసారి అడుగు కోసేవాళ్ళు. పల్లెనుంచి నిన్న వచ్చిన కుర్రాడైనా తప్పుగా పెట్టడానికి వీల్లేకుండా ఆ ఫిక్చర్లు చేశారు. 1913లో వచ్చిన కదిలే అసెంబ్లీ లైను గురించి అందరూ మాట్లాడతారు. భాగాలు ముందే ఒకదానికొకటి సరిపోకపోతే ఆ లైను పది గజాలైనా కదలదు.

ఇంత జరిగినా మా బాబాయి షెడ్డులో 2010లో కూడా మేస్త్రీ సుత్తితో తడుతూనే ఉన్నాడెందుకు? కారణం ఖర్చు. ఒక ఫిక్చర్ ఒక ముక్కకే పనికొస్తుంది. వేలల్లో చేసేవాడికి అది గిట్టుతుంది. నావికాదళం, సైన్యం, ఫోర్డ్, అందరూ ఒకే వస్తువుని వేల సంఖ్యలో అడిగినవాళ్ళు, చేసినవాళ్ళు. ఇవాళ పది ముక్కలు, రేపు ఇంకో రకం ఆరు ముక్కలు చేసే చిన్న షెడ్డుకి ఫిక్చర్ చేయించే స్తోమత ఉండదు. దాని ఫిక్చర్ మేస్త్రీయే. ఏ ముక్క వచ్చినా అప్పటికప్పుడు, ఉన్న క్లాంపులతో, పాత సామాను డబ్బాలోని రేకు ముక్కలతో పట్టు కుదురుస్తాడు.

హైదరాబాద్‌కి ఈ విద్యలో తనదైన వాటా ఉంది. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ చేసిన చక్కులు మా షెడ్డులోనూ ఉండేవి. ఇప్పుడా పేరు మెషీన్ల వాళ్ళకంటే లా విద్యార్థులకే ఎక్కువ తెలుసేమో. కార్మికుల తొలగింపు విషయంలో యూనియన్‌తో కంపెనీ చేసుకున్న ఒప్పందాన్ని కొందరు పనివాళ్ళు సవాలు చేస్తే, ఆ కంపెనీ మీద రిట్ చెల్లదని 1969లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. బాలానగర్‌లోనే 1968లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టింది. జిగ్గులు, ఫిక్చర్లు, డైలు గీయడం నేర్పే బడి అది. పట్టుని కాగితం మీద గీయగలవాళ్ళు అక్కడ తయారయ్యారు. చేత్తో పట్టగలవాళ్ళు పక్క వీధుల్లోని షెడ్లలో తయారయ్యారు.

*

1952లో అమెరికాలో ఎంఐటీ వాళ్ళు పంచ్ టేపుతో నడిచే మిల్లింగ్ మెషిన్‌ని చూపించారు. జాన్ పార్సన్స్ ఆలోచన, అమెరికన్ వైమానిక దళం డబ్బు. కోత దారి మనిషి చేతిలోంచి టేపులోకి వెళ్ళింది. డేవిడ్ నోబుల్ 1984లో రాసిన 'ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్' ఈ మార్పు మీద వచ్చిన గొప్ప పుస్తకాల్లో ఒకటి. పనివాడి కదలికలనే టేపు మీద రికార్డు చేసుకుని మళ్ళీ నడిపించే పద్ధతి కూడా అప్పుడు అందుబాటులో ఉందనీ, దాన్ని వదిలి ప్రోగ్రామ్ పద్ధతి ఎంచుకోవడం వెనక షాపు మీద అదుపు కోరుకున్న యాజమాన్యాలు ఉన్నాయనీ ఆయన వాదన. ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి కాబట్టి ఆ పుస్తకం నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది. అయితే నోబుల్ దృష్టి కూడా కోత మీదే. టేపు వచ్చాక కోత టైము పడిపోయింది, జాబ్ పట్టే టైము మాత్రం అలాగే ఉండిపోయింది. ఖరీదైన యంత్రం, కింద ఒక మనిషి సుత్తితో తడుతున్నంతసేపూ, ఊరికే నిలబడి ఉండాలి.

ఈ నిలబడి ఉండటాన్ని సమస్యగా చూసినవాడు జపాన్ ఇంజనీరు షిగియో షింగో. 1950లో హిరోషిమాలోని తోయో కోగ్యోలో, అంటే తర్వాతి మాజ్దాలో, 800 టన్నుల ప్రెస్‌కి అచ్చు మారుస్తుంటే ఒక బోల్టు కనపడలేదు. పనివాడు ఊరంతా వెతికి ఇంకో యంత్రం బోల్టు తెచ్చి, కోసి, మర తిప్పి బిగించాడు. ప్రెస్ గంటకి పైగా ఆగింది. యంత్రం ఆగి ఉండగానే చేయాల్సినవి వేరు, నడుస్తుండగా ముందే చేసి పెట్టుకోగలవి వేరు అన్న తేడా షింగోకి అక్కడ తట్టింది. 1957లో అదే ఊళ్ళోని మిత్సుబిషిలో పెద్ద ప్లేనర్ మీద ఇంజన్ బెడ్డుని సరిచేసి పట్టడానికే బోలెడు టైము పోతోందని చూసి, ఇంకో బల్ల చేయించమన్నాడు. ఒక బల్ల మీద కోత నడుస్తుంటే రెండో బల్ల మీద తర్వాతి బెడ్డుని పట్టి ఉంచుతారు. ఉత్పత్తి 40 శాతం పెరిగింది. 1969లో టయోటాలో నాలుగు గంటలు పట్టే వెయ్యి టన్నుల ప్రెస్ మార్పుని ముందు గంటన్నరకీ, తర్వాత మూడు నిమిషాలకీ దించాడు.

బాబాయి బల్ల మీది పలక ఈ రెండు పాయలూ కలిసిన చోటు. హాల్ ఒకే ఆధార స్థానం, షింగో రెండో బల్ల. దీన్ని జీరో పాయింట్ వ్యవస్థ అంటారు. బిగించేది స్ప్రింగులు. గాలి పీడనం విప్పడానికే. కాబట్టి కరెంటు పోయి కంప్రెసర్ ఆగినా పట్టు వదలదు. నాలుగు మొలల్లో ఒకటి రెండు దిక్కుల్లోనూ స్థానాన్ని ఖాయం చేస్తుంది, ఇంకొకటి ఒక్క దిక్కులోనే చేస్తుంది, మిగతా రెండూ బిగింపుకి మాత్రమే. నాలుగో రాయి పెట్టారు గానీ దానికి కుండని నిలబెట్టే పని ఇవ్వలేదు. తీసి మళ్ళీ పెడితే ప్రతిసారీ 0.005 మిల్లీమీటర్ల తేడాలోపే కూర్చుంటుందని కంపెనీలు చెప్తాయి. అది వెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు.

జర్మనీకి చెందిన లాంగ్ కంపెనీ ఇంకో పద్ధతి అమ్ముతోంది. జాబ్ పక్కల మీద ముందే ఒక ప్రెస్‌తో గుంటలు నొక్కుతారు. వైసు పళ్ళు ఆ గుంటల్లో కూర్చుంటాయి. తక్కువ బిగింపుతో గట్టి పట్టు దొరుకుతుంది. ఆ వీడియో చూసినప్పుడు నాకు పోర్ట్స్‌మత్ కప్పీలే గుర్తొచ్చాయి. రెండు వందల ఏళ్ళ కిందటి గుంట. కొత్తది ఏమిటంటే, ఇప్పుడా గుంటకి లక్ష కప్పీల ఆర్డరు అక్కర్లేదు. పలక ఒక్కటే, దాని మీదకి ఏ వైసైనా, ఏ ఫిక్చరైనా వస్తుంది. మా భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ ఒకటి ఖాయం చేశారు, పైన ఏదైనా మార్చుకోవచ్చు. నావికాదళానికి మాత్రమే దొరికిన సౌకర్యం ఆరు ముక్కలు చేసే షెడ్డుకి దిగొచ్చింది. అందుకే ఆ షెడ్డులోని మేస్త్రీకి, హార్పర్స్ ఫెర్రీలో ఆ పది మందికి ఎదురైన ప్రశ్న ఇప్పుడు ఎదురవుతోంది.

*

లెక్క చెప్పడానికి వెళ్ళిన రోజు ముందు మేస్త్రీ దగ్గరకే వెళ్ళాను. హార్పర్స్ ఫెర్రీ గురించి బుర్రలో పెట్టుకుని, బాధతో మాట్లాడతాడనుకున్నాను.

"మీకేమనిపిస్తోంది మేస్త్రీ, ఈ కొత్తది?"

"బాగుంది బాబూ. ఆ పెద్ద వైసు ఎత్తీ ఎత్తీ నా నడుం పోయింది. ఇది ముప్పయ్యేళ్ళ కింద వచ్చుంటే ఎంత బాగుండేది!"

ఆయన చేతి విద్య పోతోందని దిగులుపడింది ఏసీ గదిలో కూచుని చదువుకున్న నేను. నడుం ఆయనది. అయితే కాసేపాగి ఇంకో మాట కూడా అన్నాడు. "పని పోతే పోయింది. కుర్రాళ్ళు అడగటం మానేశారు. ఇదివరకు 'ఎలా పట్టాలి మేస్త్రీ' అని రోజుకి పదిసార్లు వచ్చేవాళ్ళు."

ఆ ముందు వారమే పదకొండు అల్యూమినియం ముక్కలు ఏటవాలుగా కోసుకుపోయాయి. పలక గుంట అంచున చిన్న పొట్టు ఇరుక్కుంది. ఎయిర్ గన్‌తో కొట్టాను కదా అన్నాడు కుర్రాడు. మొలలు దిగాయి, టక్కుమంది, మెషిన్ నడిచింది. పట్టు కుదిరిందో లేదో అనుమానించడం ఆ చప్పుడుతో పాటే అయిపోయింది. మేస్త్రీ వేలితో తడిమి పొట్టు తీసి కుర్రాడి అరచేతిలో పెట్టాడు, తిట్టలేదు.

బాబాయికి కొనమనే చెప్పాను. ఏడాదిన్నరలో ఖర్చు తిరిగొస్తుంది, అందులో సందేహం లేదు. కాకపోతే ఆ గడి పేరు మార్చాను. 'ఆదా అయ్యే సెట్టర్ గంటలు' తీసేసి 'మేస్త్రీకి దొరికే గంటలు' అని పెట్టాను. ఆ గంటల్లో ఆయన కొత్త జాబ్‌లకి పై పలకలు చేస్తాడు, మొదటి పట్టు ఆయనే కుదురుస్తాడు, కుర్రాళ్ళకి చెప్తాడు, జీతం అదే. బాబాయి చూసి నవ్వాడు. "ఇప్పటికి సరే. ఆయన తర్వాత?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయనకి తెలిసింది రాసి పెడదామన్నాను.

నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. ప్రతి జాబ్‌కీ ఒక పేజీ: ఎక్కడ ఆనించాలి, ఎక్కడ బిగించాలి, ఎంత బిగించాలి. 'ఎంత' దగ్గర ఆగిపోయాం. "ఇంత," అని చేత్తో చూపిస్తాడు. అది ఎలా రాయను? టార్క్ రెంచి తెచ్చి ఆయన చేతికిచ్చాను. వైసుని ఎప్పటిలాగే బిగించమన్నాను. 30 వచ్చింది. విప్పి మళ్ళీ బిగిస్తే 31. మూడోసారి 30. నేను 30 అని రాసుకున్నాను. ఆయన ఆ అంకెని వంగి చూసి, "ఇంతేనా?" అన్నాడు. సంతోషమో, ఇంకేమైనానో నాకు తెలియలేదు.

తర్వాతి ముక్కకి 18 దగ్గరే ఆపేశాడు.

"ఇదెందుకు తక్కువ?"

"చూడు, గోడ ఎంత పల్చగా ఉందో. గట్టిగా పడితే విప్పినాక నీ మాట వినదు."

అప్పుడు పేజీలో ఇంకో గడి గీశాను. 'ఎందుకు' అని పేరు పెట్టాను. వెనక్కి వెళ్ళి పాత పేజీలన్నిటికీ ఆ గడి కలిపాను. సగం ఇంకా ఖాళీగానే ఉన్నాయి. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాలి.